ఈజీఆర్ మూడుసార్లు కడిగినా మళ్లీ మసే – నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

మసిచేతులు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదువుకుంటూ పోవడమే కానీ ఎప్పుడూ ఏమీ రాయలేదు, ఈసారి తప్పలేదు. నాది 2.0 లీటర్ల టర్బో డీజిల్, 1,34,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున ఆఫీసుకి ఆరు కిలోమీటర్లు, సాయంత్రం ఇంటికి ఆరు కిలోమీటర్లు, అంతే దాని పని. ఏడాదిన్నర కిందట చెక్ ఇంజన్ లైటు వెలిగింది, కోడ్ పి0401. షెడ్డులో చూపిస్తే ఈజీఆర్ వాల్వ్ (ఎగ్జాస్ట్ పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేది) మసి పట్టేసిందని విప్పి, కడిగి, బిగించారు. నాలుగు నెలలు బాగుంది. మళ్లీ అదే లైటు. ఈసారి ఇంకో షెడ్డు, మళ్లీ కడగడం, మళ్లీ నాలుగు నెలలే.

మూడోసారి విసుగొచ్చి నేనే విప్పాను. వాల్వ్ లోపలికి చూపుడు వేలు పెడితే రెండో కణుపు దాటలేదు. గోడల చుట్టూ మసి మందంగా పేరుకుపోయి, మధ్యలో పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది. ఒక ఆదివారమంతా గీకాను, గోళ్లలో నలుపు వారం దాకా పోలేదు. ఇప్పుడు మళ్లీ వచ్చింది. ఐడిల్‌లో వణుకు, రెండో గేరులో లాగకపోవడం, గట్టిగా తొక్కితే వెనక నల్లపొగ. కొత్త వాల్వ్ వేయించేయమని ఒకరు, ఇంజన్ పనే అయిపోయిందని ఇంకొకరు. ఏం చేయాలో పాలుపోవడం లేదు.

టార్క్‌పిచ్చి

ఇంత టెన్షన్ ఎందుకన్నా? పైపుకీ వాల్వుకీ మధ్య గాస్కెట్ ఆకారంలో రేకు ముక్క కోసి పెట్టేసెయ్. పొగ లోపలికి రాదు, మసి పట్టదు, కథ కంచికి. ఇంజన్‌కి శుభ్రమైన గాలి కావాలి కానీ తను వదిలిన పొగ తనే తాగడమేంటి, అసలు ఆ ఆలోచనే తప్పు.

లైవ్‌డేటా

రేకు పెడితే లైటు ఆరదు తమ్ముడూ, ఇంకా తొందరగా వెలుగుతుంది. పి0401 అంటేనే "తెరవమన్నాను, రావాల్సినంత పొగ రావడం లేదు" అని కంప్యూటర్ మొత్తుకోవడం. పూర్తిగా మూసేస్తే ఆ ఫిర్యాదు శాశ్వతం అవుతుంది.

కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుందంటే, సిలిండర్ ఒక్క గుటకలో పీల్చేది దాదాపు అంతే ఉంటుంది. అందులో కొంత పొగ ఆక్రమిస్తే బయటి గాలి ఆ మేరకు తగ్గాలి. ఎయిర్ ఫిల్టర్ వెనక ఉండి లోపలికొచ్చే గాలిని కొలిచే ఎంఏఎఫ్ సెన్సర్‌కి ఆ తగ్గుదల కనబడుతుంది. వాల్వ్ తెరిచినా గాలి కొలత తగ్గలేదంటే దారి పూడిపోయిందని లెక్క. ఆ సెన్సరే మురికి పట్టి తప్పు చెబుతున్నా ఇదే కోడ్ రావచ్చు, కాబట్టి కోడ్ చూడగానే వాల్వ్ మీద పడకూడదు.

పొగ తనే తాగడమేంటి అన్నావు కదా. మంట దగ్గర వేడి సుమారు 1,500 డిగ్రీలు దాటితే గాల్లో ఉన్న నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి నైట్రోజన్ ఆక్సైడ్లు జోరుగా తయారవుతాయి. చల్లబరిచిన పొగ కొంత కలిపితే ఆక్సిజన్ పలచబడి మంట వేడి తగ్గుతుంది. దీనికి మూల్యం కూడా ఉంది, ఆక్సిజన్ తగ్గితే మసి పెరుగుతుంది. ఒకటి తగ్గిస్తే రెండోది పెరిగే ఈ తూకం డీజిల్‌కి పుట్టుకతో వచ్చింది. యూరప్ కాలుష్య నియమాల్లో యూరో 5 కింద డీజిల్ కారుకి కిలోమీటరుకి 0.18 గ్రాముల నైట్రోజన్ ఆక్సైడ్లు ఒప్పుకుంటే, యూరో 6 లో 0.08 కి దించారు. ఈజీఆర్ పీకేసి ఆ అంకె దగ్గరికి ఎలా వెళ్తావు? చాలా దేశాల్లో అలా మార్చడం నేరం, తనిఖీలో బండి ఫెయిల్.

పాతపానా

మసిచేతులు గారూ, మీరు రాసిన దాంట్లో రెండు ముక్కలు ఒకదానికొకటి అతకడం లేదు. పొగ తక్కువ వస్తోందని కోడ్. అదొక్కటే అయితే బండి ఇంకా చురుగ్గా లాగాలి, నల్లపొగ రాకూడదు. నల్లపొగ, లాగకపోవడం అంటే గాలి చాలడం లేదు, లేదా వాల్వ్ మూసుకోవాల్సినప్పుడు మూసుకోవడం లేదు. మీకు రెండూ కలిసి ఉన్నట్టున్నాయి.

కొత్త వాల్వ్ కొనే ముందు ఇవి చెప్పండి. మీరు గీకిన మసి పొడిగా బూడిదలా రాలిందా, తారులా జిడ్డుగా అంటుకుందా? ఆ మూడుసార్లలో ఎవరైనా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల భాగం) విప్పారా? ఇంకోటి, బండి ఎంత దూరం వెళ్తే టెంపరేచర్ ముల్లు మధ్యకి వస్తోంది?

మసిచేతులు

పైపు వైపు పొడిగా, వేలితో రుద్దితే బూడిదలా రాలింది. మానిఫోల్డ్ వైపు మాత్రం జిడ్డు, స్క్రూడ్రైవర్‌తో గీరితే మైనంలా ముద్దలుగా వచ్చింది, పాత ఇంజన్ ఆయిల్ వాసన. మానిఫోల్డ్ ఎవరూ విప్పలేదు, నేనూ విప్పలేదు, చాలా బోల్టులు విప్పాలని భయపడ్డాను. ముల్లు సంగతి నిజంగా గమనించలేదు. ఆఫీసు చేరేసరికి మధ్యకి కొంచెం కిందుంటుంది అనుకుంటా.

పాతపానా

మధ్యకి కిందుంటుంది అన్న ఆ మాట దగ్గరే నాకు అనుమానం తగిలింది. ఆగండి, వరసగా చెబుతాను.

ఎగ్జాస్ట్ నుంచి వచ్చే మసి పొడిదే. పొడి మసి ఒక్కటే అయితే చాలావరకు గాలితో పాటు సిలిండర్లోకి పోయి కాలిపోతుంది. ఇంజన్ అడుగున చేరే ఆవిరిని బయటికి వదిలే క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు గుండా ఆయిల్ ఆవిరి కూడా ఇన్‌టేక్‌లోకే వస్తుంది. ఈ రెండూ కలిసే చోట, అంటే సరిగ్గా వాల్వ్ దాటాక మానిఫోల్డ్ మొదట్లో, పొడి కాస్తా తారు అవుతుంది. అందుకే మీకు ఒక వైపు పొడి, ఇంకో వైపు జిడ్డు. షెడ్డువాళ్లు వాల్వ్ కడిగారు, దాని పక్కనున్న గుహ అలాగే ఉంది. మీ ఇంజన్ ఊపిరి అక్కడ సగం ఆగిపోయి ఉంటుంది, నల్లపొగ దాని వల్లే. వాల్వ్ మీద పెచ్చు ఊడి సీటులో ఇరుక్కుంటే కాసేపు మూసుకోదు, వణుకు అందుకే వస్తుంది.

ఇక చలి సంగతి. పొగ వేడిగా, గోడ చల్లగా ఉంటే మసి రేణువులు గోడవైపుకే నెట్టుకుపోతాయి. లాంతరు గాజుకి మసి పట్టడం చూశారుగా. దానికి తోడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సరిగా కాలని డీజిల్ ఆవిరి, పొగని చల్లబరిచే ఈజీఆర్ కూలర్లో గోడల మీద ద్రవమై బంకలా మారుతుంది, ఆ బంక మసిని పట్టేసుకుంటుంది. ఆరు కిలోమీటర్ల ప్రయాణంలో ఇంజన్ వేడెక్కేలోపే ఆపేస్తారు. అదొక సమస్యే, కానీ ఆరు కిలోమీటర్లు తిరిగే బండ్లు చాలా ఉన్నాయి, నాలుగు నెలలకి ఇంతలా పూడవు. థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వని తలుపు) తెరుచుకుని ఇరుక్కుందేమో చూడండి. చవకరకం స్కానర్ అయినా కూలెంట్ టెంపరేచర్ చూపిస్తుంది. అరగంట తిప్పి అంకె రాయండి.

కొత్తచక్రం

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు ఉంటాయి కదా, ఈజీఆర్ శుభ్రం చేస్తుందని మీద రాసుంటుంది. నేను రెండు పోశాను, ఏ తేడా కనబడలేదు. ఇంకా ఎక్కువ పోయాలా? హైవే మీద గట్టిగా తోలితే మసి కాలిపోతుందని కూడా విన్నాను.

లైవ్‌డేటా

డీజిల్ ఎటు పోతుందో ఒక్కసారి ఆలోచించు. ట్యాంకు, పంపు, ఇంజెక్టర్, అక్కడి నుంచి నేరుగా సిలిండర్లోకి. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ని అది ముట్టుకోదు. ముట్టుకోని చోటిని ఎలా కడుగుతుంది? ఇంజెక్టర్ కొస శుభ్రమై డీజిల్ బాగా పొగమంచులా చిమ్మితే మసి పుట్టడం కొంచెం తగ్గుతుందేమో, అంతకు మించి ఆశించకు.

హైవే సంగతి సగం నిజం. మసి దానంతట అది కాలాలంటే 550, 600 డిగ్రీలు కావాలి. డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్) పట్టిన మసిని కాల్చేసుకునే రీజనరేషన్‌లో అదే జరుగుతుంది, అందుకే లాంగ్ డ్రైవ్ డీపీఎఫ్‌కి మేలు చేస్తుంది. ఈజీఆర్ వాల్వ్ దగ్గర కూలర్ దాటిన పొగకి అంత వేడి ఎక్కడిది? పైగా ఫుల్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కంప్యూటర్ ఈజీఆర్ మూసేస్తుంది. మూసిన తలుపు వెనక మసి ఎలా కాలుతుంది. కొత్తగా పేరుకోవడం మాత్రం నెమ్మదిస్తుంది.

రెండోగేరు

నా అనుభవం చెబుతాను, కనీసం ఇంకొకరు ఈ పని చేయకుండా ఉంటారు. పోయిన ఏడాది వీడియో చూసి ఇంజన్ ఆన్‌లో ఉండగా ఎయిర్ పైపు ఊడదీసి క్లీనర్ స్ప్రే కొట్టాను. మొదట కొంచెం కొట్టాను, ఏమీ కాలేదు. ధైర్యం వచ్చి నొక్కి పట్టుకున్నా. ఇంజన్ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టింది, ఆర్‌పీఎం ముల్లు ఎటు పోతోందో చూసే ధైర్యం లేదు, తాళం తిప్పేసినా ఆగలేదు. స్ప్రే వదిలేసి పరిగెత్తాను. మూడు నాలుగు సెకన్లకి దానంతట అదే తగ్గింది. ఆ మూడు సెకన్లు నాకు ఇప్పటికీ కలలోకొస్తాయి.

డీజిల్‌కి స్పార్క్ ఉండదు, మండేది ఏది లోపలికి పోయినా మండిస్తుంది, తాళం తీస్తే ఆగేది ఇంజెక్టర్ డీజిల్ ఒక్కటే అని తర్వాత తెలిసింది. అప్పటికీ బుద్ధి రాక, వాల్వ్ విప్పి కాస్టిక్ సోడా నీళ్లలో రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నే చూస్తే మసి పోయింది, దాంతో పాటు అల్యూమినియం బాడీ కూడా కొరుక్కుతినేసింది, గాస్కెట్ కూర్చునే ముఖం చేత్తో తడిమితే గరుకుగా ఇసుకపేపర్‌లా ఉంది. బుడగలు వస్తుంటే శుభ్రమవుతోందని సంబరపడ్డాను. అది హైడ్రోజన్ అట!

టార్క్‌పిచ్చి

@రెండోగేరు నవ్వు ఆపుకోలేకపోతున్నా, సారీ. బతికి బయటపడ్డావు.

పాతపానా

నవ్వకు, ఇంజన్ అలా పరుగందుకుని కనెక్టింగ్ రాడ్ బయటికి పొడుచుకొచ్చిన బ్లాక్ నేను కళ్లారా చూశాను.

కడగాలంటే విప్పే కడగాలి, ఇంజన్ చల్లారాక. బ్యాటరీ మైనస్ ఊడదీయండి. పైపు బోల్టులు వేడికి కరిచిపట్టి ఉంటాయి, ముందురోజు రాత్రే పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేయండి, మర్నాడు పానా వేసి ముందు కొంచెం బిగించే వైపు కదిపి, తర్వాత విప్పండి. ఒక బోల్టు తెగితే మిగతా రోజంతా దానికే సరిపోతుంది. వాల్వ్ మోటార్, కనెక్టర్ ఉన్న వైపు పైకి పట్టుకోండి, ద్రావకం అటు జారకూడదు. సీటు మీద ఇనుప బ్రష్, స్క్రూడ్రైవర్ వద్దు, గీత పడితే ఎప్పటికీ సరిగా మూసుకోదు. ప్లాస్టిక్ గీకుడుపుల్ల, నైలాన్ బ్రష్, కార్బొరేటర్ క్లీనర్, ఓపిక, అంతే. ఎలక్ట్రిక్ వాల్వ్‌ని వేలితో బలవంతంగా నెట్టకండి, లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వేడి లోహం మీద పడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది, సీసా మీద చదివి కొనండి. గాస్కెట్ పాతది మళ్లీ వాడొద్దు, పొదుపు చేసే చోటు అది కాదు.

అల్యూమినియం మానిఫోల్డ్‌కి వేడినీళ్లు, అల్యూమినియంకి పనికొస్తుందని రాసిన డీగ్రీజర్ చాలు, రెండు మూడు విడతలు. స్వర్ల్ ఫ్లాపులు (గాలిని సుడి తిప్పే చిన్న రెక్కలు) ఉంటే ప్రతిదీ కదిపి చూడండి, ఇరుసు వదులైతే ఊడి సిలిండర్లో పడే ప్రమాదం ఉంది. సిలిండర్ హెడ్‌లోని పోర్టుల్లో గీకేటప్పుడు ఆ సిలిండర్ ఇన్‌టేక్ వాల్వులు మూసి ఉండాలి, రాలినదంతా వాక్యూమ్‌తో లాగేయాలి. మానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే ఎంఏపీ సెన్సర్ కొస కూడా తుడవండి, అందరూ మరిచిపోయేది అదే. అంతా బిగించాక స్కానర్‌తో ఈజీఆర్ అడాప్టేషన్ చేయించండి, లేకపోతే కంప్యూటర్ పాత మసి మందాన్నే మూసిన స్థానం అనుకుంటూ ఉంటుంది.

టార్క్‌పిచ్చి

సరే, చట్టం చట్టం అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. కంపెనీలే బయట చల్లగా ఉంటే ఈజీఆర్ తగ్గించేసేలా సాఫ్ట్‌వేర్ రాసుకున్నాయి కదా, పూడిపోతుందనే కదా వాళ్ల వాదన? వాళ్లు చేస్తే ఇంజన్ రక్షణ, నేను రేకు పెడితే నేరమా?

లైవ్‌డేటా

మంచి ప్రశ్నే, కానీ కోర్టు వాళ్లనీ వదల్లేదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ బండారం అమెరికాలో బయటపడింది, పరీక్షని పసిగట్టి ఆ కాసేపే బుద్ధిగా ఉండే సాఫ్ట్‌వేర్, ప్రపంచం మొత్తం మీద సుమారు 1.1 కోట్ల కార్లలో. 2020 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం చెప్పింది, ఇంజన్ మసి పట్టకుండా, అరగకుండా కాపాడటం కోసం అనే సాకు చెల్లదని. హఠాత్తుగా వచ్చిపడే తీవ్రమైన నష్టం నుంచి కాపాడటానికైతేనే మినహాయింపు, మసి పేరుకోవడం హఠాత్తుగా వచ్చేది కాదు కదా. 2022 జులైలో ఇంకో తీర్పు, బయట 15 నుంచి 33 డిగ్రీల మధ్య ఉండి, 1,000 మీటర్ల ఎత్తు దాటకపోతేనే ఈజీఆర్ పూర్తిగా పనిచేసే "థర్మల్ విండో" గురించి. అదీ తప్పే అన్నారు.

నీ బాధ నాకర్థమైంది తమ్ముడూ. పూడిపోని ఈజీఆర్ చేయడం కంపెనీ పని, దాని ఖర్చు మన నెత్తిన పడుతోంది. దారి లేకపోలేదు, కొన్ని ఇంజన్లలో డీపీఎఫ్ దాటాక, మసి వడకట్టిన పొగనే వెనక్కి తీసుకునే లో ప్రెషర్ ఈజీఆర్ ఉంటుంది. అందులో మసి బాధ చాలా తక్కువ. అది లేని పాత ఇంజన్లు ఉన్నవాళ్లం మనం.

నీటిబొట్టు

నాది వేరే తరహా, కానీ ఇక్కడే అడుగుతున్నా. నెలకి పావు లీటరు కూలెంట్ మాయమవుతోంది. కింద చుక్క పడదు. ఈజీఆర్ పైపు విప్పితే విచిత్రంగా ఒక పక్క మసే లేదు, లోహం కడిగినట్టు తెల్లగా మెరుస్తోంది. మంచిదే కదా?

పాతపానా

మంచిది కాదు! ఎవరూ కడగకుండా ఎలా కడిగినట్టయింది? ఈజీఆర్ కూలర్ లోపల చిల్లు పడి కూలెంట్ పొగలోకి కారుతోంది, అది ఆవిరై ఆ పక్క మసిని కడిగేస్తోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ, కాస్త తియ్యటి వాసన ఉందేమో చూడండి. కూలర్‌ని విడిగా ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాయిదా వేయకండి, కూలెంట్‌లోని గ్లైకాల్, మసి, జిడ్డు కలిసి వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. 2018 లో బీఎండబ్ల్యూ డీజిల్ కార్లని యూరప్‌లో, దక్షిణ కొరియాలో వెనక్కి పిలిపించింది ఈ కూలర్ లీకు మంటల గురించే.

నీటిబొట్టు

అయ్యో. రేపే చూపిస్తాను. థాంక్స్ అన్నా.

మసిచేతులు

స్కానర్ పెట్టి తిప్పాను. ముప్పై అయిదు నిమిషాలు, అందులో ఇరవై హైవే. కూలెంట్ 71 దాటలేదు, పల్లంలో కాలు తీస్తే 66 కి పడిపోయింది. ముల్లు మాత్రం మధ్యకి ఒక వెంట్రుకవాసి కిందే నిలబడింది, దాన్ని నమ్ముకుని ఏడాదిన్నర గడిపాను.

థర్మోస్టాట్ విప్పి చూస్తే దాని మీద 88 అని అచ్చు ఉంది. చేతిలో చల్లగా ఉన్నా తెరుచుకునే ఉంది, అంచున రబ్బరు చిరిగి స్ప్రింగ్ కింద ఇరుక్కుంది.

పాతపానా

దొరికాడు దొంగ. ఇంజన్ ఇంకా వార్మప్‌లోనే ఉన్నానని అనుకుంటూ బతికింది పాపం. రీజనరేషన్ కూడా పూర్తయ్యేది కాదు, డీపీఎఫ్ ఎన్ని కిలోమీటర్లకోసారి శుభ్రం చేసుకుంటోందో చూశారా?

మసిచేతులు

చూశాను, 140, 160 అలా ఉంది. మానిఫోల్డ్ కూడా ఈ వారాంతం దించుతాను, బ్రీదర్ పైపులో వచ్చే ఆయిల్‌ని వేరుచేసే ఆయిల్ సెపరేటర్ కూడా కొత్తది తెచ్చాను.

మసిచేతులు

దించాను. నాలుగు పోర్టుల్లో రెండు దాదాపు మూసుకుపోయాయి, మిగతా రెండిట్లో బొటనవేలు పడుతుంది. గీకిన చెత్త ఒక డబ్బా నిండింది. రెండు రోజులు పట్టింది, ఒక బోల్టు తెగింది (పాతపానా గారు చెప్పినట్టే, ముందురోజు ఆయిల్ కొట్టని ఒకే ఒక్క బోల్టు). అడాప్టేషన్ అయ్యాక తాళం ఆపితే వాల్వ్ ఒకసారి జుయ్ మని పూర్తిగా తెరుచుకుని మూసుకునే చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నా బండిలో ఉంటుందనే నాకు తెలియదు.

మసిచేతులు

ఐదు నెలలైంది, ఏమైందో చెప్పాలి కాబట్టి రాస్తున్నా. కూలెంట్ ఇప్పుడు 87, 90 మధ్య ఆడుతోంది. లైటు రాలేదు. రెండో గేరులో లాగుతోంది, ఎంతగా అంటే మొదటి రోజు ముందు బండికి తగిలేలా వెళ్లి బ్రేకు తొక్కాను. రీజనరేషన్ 430 కిలోమీటర్లకోసారి. పాత అలవాటు పోక నిన్న పైపు విప్పి చూశాను, గోడల మీద పొడి మసి కాగితం మందంలో ఉంది, వేలు పూర్తిగా దూరింది.

టార్క్‌పిచ్చి

ఒప్పుకుంటున్నా, రేకు సలహా వెనక్కి తీసుకుంటున్నా. కానీ నా బండి కూలెంట్ కూడా 74 దగ్గరే ఆగుతోంది, ఇప్పుడే చూశాను. ఆ థర్మోస్టాట్ విప్పాలంటే కూలెంట్ మొత్తం దించాలా, సగం చాలా?

పాతపానా

థర్మోస్టాట్ హౌసింగ్ రేడియేటర్ సగం ఎత్తుకి పైనుంటే సగం చాలు. బిగించాక గాలి పూర్తిగా తీయడం మరిచిపోకు, లేకపోతే హీటర్ చల్లగాలి వదులుతుంది, మళ్లీ వచ్చి నన్ను అడుగుతావు.